పరభాష: నడిమి మెట్టు

పరభాష నేర్చువారు తొలి పాఠములను ఉత్సాహముతో దాటుదురు. పత్రిక కొంత అర్థమగును. మాటాడబోయినచో నాలుక తడబడును. అప్పుడు పెక్కుమంది మరింత కఠినమైన గ్రంథమును తెచ్చుకొందురు. తొందర యిచ్చట తగదని మేము తలంతుము. నెల్లూరిసీమ రైతు నెరుగుదురు గదా! నాటిన నారు కొన్నాళ్లు ఎదిగినట్లు కానరాదు. ఆ నాళ్లలోనే వేరు మన్ను పట్టును.

ఒంగోలు వాస్తవ్యులు వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784–1839) ఇంగ్లీషు మొదలుగా పెక్కు భాషలు నేర్చి, 1815 నుండి 1829 వరకు మద్రాసు సదర్ కోర్టులో అనువాదకులుగను, దుబాసీగను పనిచేసిరి. వారు ఇంగ్లీషున వ్రాసికొన్న జీవితచరిత్ర 1873లో అచ్చయ్యెను. దుబాసీకి సగము తెలిసిన మాట పనికిరాదు; అతడు తడబడినచో నష్టపోవువాడు కక్షిదారుడు. బాలురు అర్థమెరుగకయే చదువుచున్నారని 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి తెలిపినవారును వీరే. నడిమి మెట్టున నున్నవారికిని ఆ హెచ్చరిక చెల్లును.

కావున ఒక నెల క్రొత్త గ్రంథము మానవలెను. చదివిన పుస్తకమునే మరల చదివి, పుట మూసి, అందలి విషయమును ఆ భాషలోనే స్వంత మాటలతో చెప్పవలెను. ఒక భాగమును తెలుగు చేసి, మూడు దినముల పిమ్మట మూలము చూడక తిరిగి ఆ భాషలోనికి మార్చి, రెంటిని సరిపోల్చవలెను. అచ్చట కనబడిన తప్పులే మరునాటి పాఠము. రేడియోలో ఆ భాష వార్తలు వచ్చునప్పుడు, విన్న ముఖ్యాంశములను వెంటనే ఇంటివారికి చెప్పి చూడుడు. వెదకుకొనకయే మాటలు వచ్చిననాడు తరువాతి గ్రంథమును తెరువవచ్చును.