అద్దె ఏటా పెరుగుతోంది.. మరి రిపేర్ ఎప్పుడు? ఇంగ్లండ్ కౌన్సిల్ ఇళ్లలో అసలు గొడవేంటి..?

గోడల నిండా చెమ్మ. బాత్రూమ్ మూలల్లో నల్లటి బూజు. రోజుల తరబడి మొరాయించే లిఫ్ట్. ఫోన్ చేస్తే 'కంప్లైంట్ రాసుకున్నాం' అన్న ఒకే ఒక్క సమాధానం. ఏప్రిల్ దగ్గర పడిందంటే మాత్రం అద్దె పెంపు నోటీసు టంచనుగా వచ్చేస్తుంది. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్లలో ఉండేవాళ్లు ఏళ్లుగా చెప్పుకుంటున్న గోడు ఇదే. అయితే ఇప్పుడు రూల్స్ మారాయి. రిపేర్‌కు గడువు వచ్చింది. మరి ఖర్చుల సంగతేంటి? ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

కౌన్సిల్ ఇల్లు అంటే..?

మన దగ్గర డబుల్ బెడ్రూమ్ ఇల్లు ఇస్తే అది లబ్ధిదారు సొంతం. అక్కడ అలా కాదు. ఇల్లు స్థానిక కౌన్సిల్‌దే. అంటే మన మున్సిపాలిటీ లాంటి సంస్థే ఇంటి ఓనర్. అందులో ఉండేవాళ్లు మార్కెట్ రేటు కంటే తక్కువ అద్దె కడతారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లు దాదాపు 16 లక్షలు ఉన్నాయి. ఇవి కాక హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్లు వేరు.

గోడలు, కప్పు, పైపులు, హీటింగ్, వేడినీళ్లు.. వీటి రిపేర్ బాధ్యత ఓనర్‌దే. 1985 నాటి చట్టమే ఆ మాట చెబుతోంది. చట్టం ఉన్నా జనం కాళ్లరిగేలా తిరగాల్సి వచ్చింది. ఎందుకంటే ఎన్ని రోజుల్లో చేయాలన్నది అందులో కచ్చితంగా లేదు.

రెండేళ్ల పిల్లాడి ప్రాణం పోయాక..

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. అది కూడా కౌన్సిల్ బిల్డింగే. ప్రమాదానికి ముందే అక్కడివాళ్లు భద్రతపై హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు.

2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు కన్నుమూశాడు. హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో ఎక్కువ కాలం బూజు మధ్య ఉండటం వల్లే ఊపిరి సమస్య వచ్చి చనిపోయాడని 2022 నవంబర్‌లో విచారణ తేల్చింది. తండ్రి 2017లోనే బూజు గురించి చెబితే, పైన పెయింట్ వేసుకోమన్నారట! ఈ కేసు దేశాన్ని కదిలించింది. బాబు పేరుతోనే 'అవాబ్ చట్టం' వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి కౌన్సిళ్లకు, హౌసింగ్ అసోసియేషన్లకు ఇది వర్తిస్తోంది.

గడువులు ఇవీ..

ప్రాణాపాయం ఉన్న ఎమర్జెన్సీ అయితే 24 గంటల్లో వచ్చి చూసి, ప్రమాదం లేకుండా చేయాలి.
తీవ్రమైన చెమ్మ, బూజు అయితే విషయం తెలిసిన 10 పని దినాల్లో తనిఖీ చేయాలి.
తనిఖీ ముగిసిన 3 పని దినాల్లో ఏం తేలిందో రాతపూర్వకంగా ఇవ్వాలి. 5 పని దినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి.
గడువులోగా కుదరకపోతే ఓనర్ ఖర్చుతోనే వేరే వసతి చూపించాలి.

మిగతా ప్రమాదాలకూ దశలవారీగా ఈ చట్టాన్ని విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

అద్దె ఎందుకు పెరుగుతోంది..?

అంతకుముందు సెప్టెంబర్ నాటి ధరల పెరుగుదలకు 1 శాతం కలిపి, అంతవరకు అద్దె పెంచుకోవచ్చు. 2023-24లో ఆ లెక్కన 11.1 శాతం పెరగాల్సింది. ప్రభుత్వం 7 శాతం దగ్గర ఆపింది. 2024-25లో 7.7, 2025-26లో 2.7 శాతం వరకు అనుమతి ఇచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అద్దె డబ్బు కౌన్సిల్‌లో ఒక ప్రత్యేక ఖాతాలోకి వెళ్తుంది. దాన్ని రోడ్లకో, లైబ్రరీలకో వాడకూడదు. కౌన్సిల్ ఇళ్ల రిపేర్లకు కూడా ఆ ఖాతాయే దిక్కు. 2016 నుంచి నాలుగేళ్లు అద్దెలు ఏటా 1 శాతం తగ్గించమని చట్టం చేశారు. అద్దెదారుకు ఊరటే. కానీ రిపేర్ల డబ్బుకూ గండి పడింది. 'మా దగ్గర నిధుల్లేవ్' అని కౌన్సిళ్లు అనేది అందుకే. అలాగని గడువు నుంచి తప్పించుకోవడం మాత్రం కుదరదు.

ఫ్లాట్ కొన్నవాళ్ల కష్టం వేరు..

1980లో వచ్చిన చట్టంతో చాలామంది తాము ఉంటున్న కౌన్సిల్ ఫ్లాట్లను కొనుక్కున్నారు. కానీ బిల్డింగ్ కౌన్సిల్‌దే. దాంతో లిఫ్ట్ మార్చినా, కప్పు బాగుచేసినా వీళ్ల వాటా బిల్లు ఇంటికొస్తుంది. ఒక్కొక్కరిపై 250 పౌండ్లకు మించి భారం పడే పనైతే ముందే నోటీసు ఇచ్చి, అభిప్రాయం చెప్పడానికి 30 రోజులు ఇవ్వాలి. ఆ పద్ధతి పాటించకపోతే సాధారణంగా 250 పౌండ్లకు మించి వసూలు చేయలేరు. బిల్లు మరీ ఎక్కువనిపిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఎలా అడగాలి..?

ఫోన్‌తో సరిపెట్టొద్దు. ఈమెయిల్‌లో తేదీ, ఫొటోలు, రిఫరెన్స్ నంబర్ ఉండాలి. గడువు లెక్క మొదలయ్యేది కౌన్సిల్‌కు విషయం తెలిసిన రోజు నుంచే. కాబట్టి ఆ తేదీకి రుజువు ఉండాలి.
పని కాకపోతే 'ఇది ఫిర్యాదు' అని స్పష్టంగా రాయాలి. ఫిర్యాదు అందినట్టు 5 పని దినాల్లో చెప్పాలి. ఆ తర్వాత 10 పని దినాల్లో జవాబు ఇవ్వాలి.
నచ్చకపోతే రెండో దశ. దానికి 20 పని దినాలు.
అప్పటికీ తేలకపోతే హౌసింగ్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు. రిపేర్ చేయమని, పరిహారం ఇవ్వమని ఆదేశించే అధికారం ఉంది.

ఒక్క పొరపాటు మాత్రం చేయొద్దు. కోపంతో అద్దె ఆపేస్తే బకాయి కింద లెక్కేసి ఇల్లు ఖాళీ చేయించే ప్రమాదం ఉంది. అద్దె కడుతూనే పోరాడాలి.

మనవాళ్లకు ఇది ఎందుకు..?

స్టూడెంట్, వర్క్ వీసాలపై వెళ్లిన తెలుగువాళ్లకు సాధారణంగా కౌన్సిల్ ఇల్లు కేటాయించరు. కానీ ఒకప్పటి కౌన్సిల్ ఫ్లాట్‌లో అద్దెకు దిగొచ్చు. అప్పుడు రిపేర్ గురించి ముందు అడగాల్సింది కౌన్సిల్‌ను కాదు, ఆ ఫ్లాట్ ఓనర్‌ను. అలాంటి ఫ్లాట్ కొనాలనుకుంటే మాత్రం రేటు చూసి మురిసిపోకండి. సర్వీస్ ఛార్జీ ఎంత, రాబోయే రోజుల్లో పెద్ద రిపేర్లు ఏమైనా ఉన్నాయా అని లాయర్ ద్వారా ముందే కనుక్కోండి. సంతకం పెట్టాక వచ్చే బిల్లు మీదే.