“మా అబ్బాయి ప్రశ్నలు వేస్తున్నాడు మౌలానా!”

గత రమజాన్ మాసంలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిసిన తర్వాత ఒక తండ్రి నా వద్దకు వచ్చి కూర్చున్నారు. నమాజీలందరూ వెళ్లిపోయే వరకు ఆయన నోరు విప్పలేదు. మస్జిదు ఖాళీ అయ్యాక, “మా అబ్బాయి ప్రశ్నలు వేస్తున్నాడు మౌలానా!” అన్నారు. బిడ్డకు తగ్గని జ్వరం వచ్చిందని వైద్యునికి చెప్పుకునే తండ్రి గొంతు అది.

ఆ కుర్రవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఒకనాడు తల్లితో ఇలా అన్నాడట: “నేను ఈ ఇంట్లో పుట్టాను గనుక ముస్లింనయ్యాను. వీధి చివరి ఇంట్లో పుట్టి ఉంటే ఆ ఇంటివారి మతమే సత్యమని నమ్మేవాణ్ణి కదా! మరి నా విశ్వాసానికి రుజువేమిటి?” తల్లి కంటతడి పెట్టుకున్నది. తండ్రి చేయి చేసుకున్నారు. మూడు రోజులుగా కుర్రవాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు. నమాజుకు పిలిస్తే వస్తున్నాడు, నిలబడుతున్నాడు, వెళ్లిపోతున్నాడు.

“ఈ ప్రశ్న మీ అబ్బాయి కొత్తగా కనిపెట్టినది కాదు. తొమ్మిది వందల సంవత్సరాల క్రితం ఒక మహా పండితుడు తనను తాను ఇదే ప్రశ్న అడుగుకున్నారు. ఆయననే మనం ‘హుజ్జతుల్ ఇస్లాం’, అంటే ఇస్లాంకు నిదర్శనం అని గౌరవిస్తున్నాము” అని ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేనట్లు నా వంక చూశారు.

ఇమామ్ గజాలీ సంశయం

ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ) 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. 1091లో బగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో ఆచార్యులుగా నియమితులయ్యారు. జీవిత చరమ దశలో రాసిన ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’ గ్రంథంలో తన అంతరంగ చరిత్రను ఆయన దాపరికం లేకుండా వివరించారు.

క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా ఎదగడాన్ని ఆయన చిన్ననాటి నుండే గమనించారు. తల్లిదండ్రులను, గురువులను చూసి స్వీకరించిన విశ్వాసం వేరు, స్వయంగా గ్రహించిన సత్యం వేరు అనుకున్నారు. నిస్సందేహమైన జ్ఞానం ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో తెలిపారు. పది మూడు కంటే పెద్దదని మనకు తెలుసు. ఎవరైనా వచ్చి మూడే పెద్దదని వాదించి, అందుకు రుజువుగా చేతికర్రను పాముగా మార్చి చూపినా, మనం అతని విద్యకు ఆశ్చర్యపోతామే గాని లెక్కను సందేహించము. తన వద్ద ఉన్న జ్ఞానంలో ఇంతటి దృఢత్వం గలది ఎంత ఉందని ఆయన పరీక్షించుకున్నారు.

ముందుగా ఇంద్రియాలను విచారించారు. నీడను చూస్తే కన్ను అది కదలడం లేదంటుంది. కొంతసేపటికి చూస్తే నీడ జరిగి ఉంటుంది. నక్షత్రాన్ని కన్ను ఒక దీనార్ నాణెమంత చూపుతుంది. గణితం మాత్రం అది భూమి కంటే పెద్దదని నిరూపిస్తుంది. బుద్ధి వచ్చి కన్ను తప్పును చూపగలిగినప్పుడు, బుద్ధి తప్పును చూపగల మరో న్యాయమూర్తి దానికి పైన ఉండకూడదా? కలలో ఉన్నంతసేపు కల నిజమే అనిపిస్తుంది కదా! ఈ ఆలోచన ఆయనను దాదాపు రెండు నెలల పాటు వేధించింది.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ రెండు నెలలు తన స్థితి సంశయవాదిదే అయినా, తన మాటల్లో అది బయటపడలేదని ఇమామ్ గారు స్వయంగా రాశారు. అంతటి పండితుని లోపలి వేదనే పైకి కనిపించనప్పుడు, మన ఇంట్లో మౌనంగా అన్నం తిని లేచిపోయే పదిహేడేళ్ల కుర్రవాని మనసు మనకెలా తెలుస్తుంది? ఆ తండ్రితో నేనన్నాను: “మీ అబ్బాయి అడిగాడు. అడగని పిల్లల గురించి మనం ఎక్కువ చింతించాలి.”

చివరకు ఆయనకు స్వస్థత ఎలా కలిగింది? పకడ్బందీ వాదనతో గాక, అల్లాహ్ తన హృదయంలో వేసిన ఒక వెలుగుతో కలిగిందని ఆయన వ్రాశారు. అప్పుడు బుద్ధి గ్రహించే మూలసత్యాలపై తిరిగి నమ్మకం కుదిరింది. ఆ పిమ్మట ఆయన విచారణ మానలేదు. తత్వవేత్తల గ్రంథాలనూ, ఇతర వర్గాల వాదాలనూ కూలంకషంగా చదివి, ఒక్కొక్కదానిని తూచి చూశారు.

ప్రవక్త (స) సన్నిధిలో ప్రశ్న

ప్రశ్న వినగానే మనం భయపడతాము. దివ్య ఖుర్‌ఆన్ మాత్రం ఒక ప్రవక్త వేసిన ప్రశ్ననే భద్రపరచింది. మృతులను ఎలా సజీవులను చేస్తావో చూపమని హజ్రత్ ఇబ్రాహీం (అ.స) తన ప్రభువును వేడుకున్నారు. నీకు విశ్వాసం లేదా అన్న ప్రశ్న ఎదురైంది. విశ్వాసం ఉన్నది, హృదయానికి నెమ్మది కావాలని ఆయన విన్నవించుకున్నారు. అల్లాహ్ ఆయనను గద్దించలేదు, నాలుగు పక్షుల నిదర్శనం చూపాడు. అల్ బఖర అధ్యాయం 260వ ఆయత్‌లోని ఈ వృత్తాంతాన్ని మన పిల్లలు కంఠస్థం చేస్తున్నారు. దాని భావం మనం ఇంట్లో ఎన్నిసార్లు వివరించాము?

ప్రవక్త సహచరులు కొందరు ఆయన (స) సన్నిధికి వచ్చి, నోటితో చెప్పడానికి కూడా సాహసించలేని తలంపులు తమ మనసులో వస్తున్నాయని చెప్పుకున్నారు. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ప్రకారం, ఆయన (స) దానిని స్పష్టమైన విశ్వాసానికి చిహ్నంగా పేర్కొన్నారు. ఆ తలంపు విశ్వాసం కాదు గాని, దానిని చూసి కలవరపడే హృదయంలో విశ్వాసం సజీవంగా ఉన్నదని పండితులు వివరించారు.

మరొక సందర్భం చూడండి. మహాప్రవక్త (స) పసిబిడ్డ ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. 632 జనవరి 27న సంభవించిన గ్రహణం అదేనని ఖగోళ గణకులు అంటారు. ప్రవక్త కుమారుని మృతికి సూర్యుడే చీకటిపడ్డాడని జనం చెప్పుకోసాగారు. ఆ మాటను ఊరకే వదిలినా జనంలో ఆయన పట్ల భక్తి పెరిగేది. కాని బిడ్డను మట్టికి అప్పగించిన ఆ దుఃఖంలో కూడా ఆయన (స) సత్యం కాని రుజువును అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రకటించారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) కూడా గ్రహణాన్నే ఉదాహరణగా తీసుకుని ధర్మానికి అజ్ఞాని అయిన మిత్రుని గురించి హెచ్చరించారు. గ్రహణ గణితం వంటి నిరూపిత విషయాలను ధర్మం పేరిట కాదనేవాడు ధర్మానికి మేలు చేస్తున్నాననుకుంటాడు. లెక్క తెలిసిన యువకుడు మాత్రం లెక్కను సందేహించడు, ధర్మాన్నే సందేహిస్తాడు. నేడు వాట్సాప్‌లో వచ్చే ‘అద్భుతాల’ చిత్రాలను ముందువెనుకలు చూడకుండా బంధువులందరికీ పంపే మనం ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

రుజువు అడగడం మన విద్య

హదీసు విద్య అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది: ‘ఈ మాట నీకు ఎవరు చెప్పారు?’ హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) ఇంటి ముంగిట మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్లారు. అలా చేయమన్నది ప్రవక్త (స) బోధనేనని ఆయన చెప్పగా, దానికి సాక్షిని తీసుకురమ్మని హజ్రత్ ఉమర్ (రజి) కోరారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యమిచ్చారు. ఒక సహాబీ మరొక సహాబీని రుజువు అడిగారు. అందులో అవమానమేమీ లేదు.

ఇమామ్ బుఖారీ (రహ్మ) గురువులలో ఒకరైన అలీ ఇబ్ను మదీనీ (రహ్మ)ను ఆయన సొంత తండ్రి ఉల్లేఖనాల గురించి అడిగారు. ముందు వేరొకరిని అడగమన్నారు. మళ్లీ అడిగినప్పుడు తల వంచుకుని, ఇది ధర్మానికి సంబంధించిన విషయమంటూ, తన తండ్రి ఉల్లేఖకునిగా బలహీనుడని తేల్చి చెప్పారు. కన్నతండ్రిపై ప్రేమ కూడా పరిశీలనకు అడ్డు రాలేదు.

ఇవన్నీ నేను విద్యార్థులకు బోధించే విషయాలే. అయినా ఒకనాడు నేనే తప్పటడుగు వేశాను.

దాదాపు ఇరవై ఏళ్ల క్రితం, విద్య ప్రాధాన్యతపై ప్రసంగిస్తూ, చైనా వరకు వెళ్లయినా విద్య నేర్వమని ప్రవక్త (స) అన్నారని చెప్పాను. చిన్ననాటి నుండి ఎన్నో సభల్లో విన్న మాట అది. పాఠం ముగిశాక పద్నాలుగేళ్ల విద్యార్థి ఒకడు లేచి, “ఉస్తాద్! అది ఏ గ్రంథంలో ఉంది? ఎవరు ఉల్లేఖించారు?” అని అడిగాడు. నా వద్ద జవాబు లేదు. లేదని చెప్పడానికి మనసొప్పలేదు. పెద్దలను పరీక్షిస్తున్నావా అని అందరి ముందూ మందలించి కూర్చోబెట్టాను.

ఆ రాత్రి గ్రంథాలు తిరగేశాను. ఇబ్ను జౌజీ (రహ్మ) ఆ ఉల్లేఖనాన్ని తన ‘అల్ మౌజూఆత్’లో, అంటే కల్పిత ఉల్లేఖనాల సంకలనంలో చేర్చారని తెలుసుకున్నాను. విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి అని తెలిపే హదీసు ఇబ్నుమాజాలో ఉండగా, నాకు ఆ మాట అవసరమే లేదు. మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పవలసింది. చెప్పలేదు. ఆ విద్యార్థి మరి ఏ ప్రశ్నా అడగలేదు. మరుసటి సంవత్సరం మదర్సా మానేశాడు. దానికి కారణం నేనొక్కడినేనని అనను. నేను కారణం కానని కూడా అనలేను.

రెండేళ్ల క్రితం ఒక నికాహ్ విందులో అతడు కనిపించాడు. వచ్చి సలాం చేశాడు. నేను అతని చేయి పట్టుకుని, “ఆ రోజు నీ ప్రశ్న సరైనది. తప్పు నాది” అన్నాను. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, “ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది ఉస్తాద్!” అన్నాడు. నమాజు చేస్తున్నావా అని నేను అడగలేదు. అతడూ చెప్పలేదు.

ఆ కుర్రవానికి ఏమని జవాబు?

ఇక ఆ తండ్రి తెచ్చిన ప్రశ్నకు వద్దాం. మరునాడు ఆయన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. నేను అతనికి చెప్పిన మాటల సారాంశం ఇది:

“నువ్వు ఈ ఇంట్లో పుట్టడం వల్ల ఈ విశ్వాసం నీకు చేరింది, నిజమే. కాని అది ఎలా చేరిందన్నది ఒక విషయం, అది సత్యమా కాదా అన్నది మరొక విషయం. ఎక్కాలు కూడా నీకు నాన్నగారే నేర్పారు. నాన్న నేర్పారు గనుక అవి సత్యం కాలేదు, నాన్న నేర్పారు గనుక అసత్యమూ కాలేదు. ఈ ప్రశ్న వీధి చివరి ఇంటివారికీ, ఏ మతమూ లేని ఇంట్లో పుట్టినవారికీ సమానంగా వర్తిస్తుంది. కాబట్టి పుట్టుక రుజువు కాదని నువ్వన్నది సబబే. అక్కడ ఆగిపోకు. పరిశీలన అక్కడే మొదలవుతుంది.”

ఆ తర్వాత తండ్రి వైపు తిరిగి, “తాత ముత్తాతలు చేశారు గనుక చేస్తున్నామనే వాదాన్ని ఖుర్‌ఆన్ పలుచోట్ల ఖండించింది. మనం ఇతరులను వారి పూర్వీకుల మార్గాన్ని పరిశీలించుకోమని పిలుస్తాము. మన బిడ్డ అదే పని చేస్తే చేయి చేసుకుంటాము. ఇది న్యాయమేనా?” అన్నాను. ఆయన తల వంచుకున్నారు. కాసేపటికి కుమారుని భుజంపై చేయి వేశారు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మొదటిది, ప్రశ్న వెనుక ఏమున్నదో కనిపెట్టండి. కొందరు తెలుసుకోవడానికి అడుగుతారు, వారికి జ్ఞానం కావాలి. కొందరిని ఒకే తలంపు పదే పదే వేధిస్తుంది. వారికి వాదన కంటే ధైర్యం, అల్లాహ్ శరణు అవసరం. ఆత్మీయుని మరణం తర్వాత ‘అల్లాహ్ ఎందుకిలా చేశాడు?’ అని అడిగేవారికి ముందు ఓదార్పు కావాలి. ఎగతాళికే అడిగేవారూ ఉంటారు, కాని మన బిడ్డను తొందరపడి ఆ జాబితాలో చేర్చరాదు.

రెండవది, తెలియకపోతే తెలియదని చెప్పండి. ఇమామ్ మాలిక్ (రహ్మ) వద్దకు ఒక వ్యక్తి సుదూర ప్రాంతం నుండి ప్రశ్నలు తీసుకురాగా, వాటిలో అధిక భాగానికి ఆయన తనకు తెలియదనే బదులిచ్చారని చరిత్ర చెబుతున్నది. అలా అన్నందువల్ల ఆయన గౌరవం తగ్గలేదు. తెలియదన్న తర్వాత, ఇద్దరం కలిసి తెలుసుకుందామని చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి.

మూడవది, పిల్లలకు ప్రశ్నించే మర్యాదను కూడా నేర్పండి. ఎదుటివారిని ఓడించడానికి కాక తెలుసుకోవడానికి అడగాలి. తన విశ్వాసానికి రుజువు కోరే యువకుడు, తన సందేహాన్ని బలపరచే వీడియోకు కూడా అదే రుజువు కోరాలి. త్రాసు రెండు వైపులా ఒకే తూకంతో ఉండాలి.

నాలుగవది, ఓపిక పట్టండి. గజాలీ (రహ్మ) వంటి మహనీయునికే దాదాపు రెండు నెలలు పట్టింది. మన బిడ్డకు రెండేళ్లు పట్టవచ్చు. అన్నం, ఆప్యాయత, సలాం మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. హృదయాలను త్రిప్పేవాడు అల్లాహ్, మన చేతిలో ఉన్నది తలుపు తెరచి ఉంచడమే.

ఆ కుర్రవాడు ఇప్పుడు ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తర్వాత నా వద్దకు వస్తున్నాడు. ప్రశ్నలు తగ్గలేదు, పెరిగాయి. కొన్నింటికి జవాబు చెబుతున్నాను. కొన్నింటికి వచ్చే వారం వరకు గడువు అడుగుతున్నాను. తండ్రి కూడా అప్పుడప్పుడు వచ్చి ప్రక్కన కూర్చుంటున్నారు. మొన్న ఆయన కూడా ఒక ప్రశ్న అడిగారు.

ఓ అల్లాహ్! మా సంతానానికి సత్యాన్ని సత్యంగా చూపి, దానిని అనుసరించే భాగ్యాన్ని ప్రసాదించు. వారి ప్రశ్నలను ఆలకించే సహనాన్ని మాకు ప్రసాదించు. మా అహం కారణంగా ఎవరి హృదయమైనా నీకు దూరమై ఉంటే మమ్మల్ని క్షమించి, ఆ హృదయాన్ని నీ వైపుకు మరల్చు. ఆమీన్.