పొగ మానడానికి నికోటిన్ గమ్ సాయపడుతుందా?

బాప్తిస్మమునకు సిద్ధపడే సహోదరులను చుట్ట, బీడీ సంగతి అడగడం మన గ్రామ సంఘాలలో ఉన్నదే. కొందరు ఆ రోజే మానేస్తారు. కొందరు వారం తిరగకముందే పొలం గట్టున మళ్లీ ముట్టించి, ఆ సిగ్గుతో ఆరాధనకు రావడమే మానుకుంటారు. వీరిని విశ్వాసములో బలహీనులని అనేముందు పొగాకు శరీరాన్ని ఎలా పట్టుకుంటుందో మనం తెలుసుకోవాలి.

పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అలవాటుపడినవారికి అది అందకపోతే చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మొదటి వారమే కష్టం. అయితే కేన్సరు తెచ్చేది ముఖ్యంగా పొగలోని ఇతర విషాలే. అందుకే పొగ లేకుండా కొద్దిపాటి నికోటిన్ ఇచ్చి, తర్వాత దానినీ తగ్గించే గమ్‌ను స్వీడన్ దేశంలో తయారుచేశారు. జలాంతర్గాములలో పొగ తాగే వీలులేని నావికులు పొగాకు నమలడం చూసి 1967లో ఈ ఆలోచన పుట్టింది.

ఇది పనిచేస్తుందా? చేస్తుంది, కాని మంత్రంలా కాదు. 130కి పైగా పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. గమ్, పట్టీల వంటివి వాడితే మానగలిగే అవకాశం 50 నుండి 60 శాతం పెరుగుతుందని తేలింది. అంటే ఊరికే పదిమంది మానే చోట పదిహేను, పదహారుమంది మానగలరు. జ్వరానికి మాత్ర వేసుకున్నవానిని “ప్రార్థన చాలదా?” అని అడగము గదా, వీరిని మాత్రం ఎందుకు అడగాలి?

చాలామంది దీనిని పిప్పరమెంటులా గబగబా నమిలి, నోరు మండి, ఎక్కిళ్లు వచ్చి పారవేస్తారు. మెల్లగా నమలాలి. చురుక్కుమనగానే ఆపి బుగ్గకు, చిగురుకు మధ్య ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. అంతకు పావుగంట ముందు నుండి టీ, కాఫీ వద్దు. సుమారు మూడు నెలలలో క్రమంగా ఆపాలి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగనిదే వాడరాదు.

బీడీ మాని ఖైనీ పట్టినవారు మానినట్టు కాదు, అది నోటి కేన్సరుకు దారి. ఎలక్ట్రానిక్ సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే అవ్వల సంగతి మనం తలపెట్టము. నిప్పు కొన నోటిలోనే ఉండే ఆ అలవాటు అంగిట కేన్సరు తెస్తుంది. పాస్టరమ్మగార్లు వారితో మాట్లాడితే మేలు.

మానదలచినవారికి ప్రభుత్వం ఉచితంగా సలహా ఇస్తుంది. నంబరు 1800-11-2356. సిగరెట్ పెట్టె మీదనే అచ్చువేసి ఉంటుంది, పారవేసేముందు చూడండి.