బడిలో పండుగపాట

దసరా సెలవులకు ముందు వారమూ, సంక్రాంతి సెలవులకు ముందు వారమూ ప్రాథమిక పాఠశాలలో చదువు సాగదని ఉపాధ్యాయ మిత్రులు అంటూ వుంటారు. నిజమే. పిల్లల మనస్సు అప్పటికే అమ్మమ్మగారి ఊరికి ప్రయాణమై వుంటుంది. కాని చదువు సాగని ఆ వారమే పాటకు అనువైనదని మన పూర్వులు గ్రహించి, అందుకొక సంప్రదాయాన్ని ఏర్పరచారు.

వీథిబడుల కాలంలో దసరా నవరాత్రులు రాగానే పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతులలో అలంకరించిన విల్లంబులు. వాటినుండి పువ్వులూ, బుక్కాగుండా చిమ్మేవారు. గుమ్మం ముందు నిలిచి దసరా పద్యాలు పాడేవారు. గృహస్థు పంతులుగారికి యథాశక్తి రూకలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపేవాడు. ఆ పద్యాల నడక చాలవరకు ద్విపదకు చేరువైనది: పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. గణమనే మాటైనా వినని పసివాడు గణం తప్పకుండా పాడేవాడు. ఛందస్సు చెవిద్వారా లోపల ప్రవేశించడమంటే ఇదే గదా!

అయితే ఈ ఆచారంలో కొంత చేదు కూడా వున్నది. దానిని దాచి పొగడడం న్యాయం కాదు. వీథిబడి పంతులుకు స్థిరమైన నెలజీతం లేదు. కాబట్టి ఆ పాట వేడుక మాత్రమే కాదు, వేడుకోలు కూడా. విద్య చెప్పినవాడు కలిగినవాని గుమ్మం ముందు శిష్యులచేత తన అవసరాన్ని పాడించుకోవలసి రావడం గౌరవప్రదమైన స్థితి కాదు. ఉపాధ్యాయులకు జీతాలు ఏర్పడిన తరువాత ఆ ఆచారం సన్నగిల్లడం మంచిదే. విచారించవలసినదల్లా చేయి చాచడంతోపాటు గొంతెత్తడం కూడా పోయినందుకు.

దాని స్థానంలో వచ్చినది ఏది? పండుగకు ముందురోజు బడి ఆవరణలో పెద్ద స్పీకరు పెట్టి ఒక సినిమాపాట వేస్తారు. చురుకైన పిల్లలను పదిమందిని ఎన్నుకొని నృత్యం చేయిస్తారు. ఆడేవారు పదిమంది, చూచేవారు నూరుమంది, పాడేవారు మాత్రం ఒక్కరూ లేరు! పండుగ గడిచిపోతుంది, పిల్లవాని గొంతులో ఏమీ మిగలదు.

“మాకు సంగీతం రాదు, సంగీతోపాధ్యాయుడు లేడు” అనే సమాధానం తరచు వినబడుతుంది. ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. మాయామాళవగౌళలో సరళీస్వరాలతో, జంటవరుసలతో ఆరంభమయ్యే మార్గం పురందరదాసు ఏర్పరచినదని ప్రతీతి. అది విద్వాంసులను తయారుచేసే రాజమార్గం. పండుగపాట కాలిబాట, దానిమీద అందరూ నడవవచ్చు. దానికి హార్మోనియం అక్కరలేదు. చిడతలూ, కోలాటపు కర్రలూ, అవీ లేకపోతే రెండు కొబ్బరిచిప్పలూ చాలును.

ఆరు దినాల పని ఇది. మొదటి దినం పాటలోని మాటలు చెప్పి అర్థం వివరించాలి. బతుకమ్మ పాటైతే తంగేడు, గునుగు పూలు పిల్లలచేతనే తెప్పించి చూపాలి. రెండవ దినం రాగం లేకుండా లయ మాత్రమే: తరగతిలో సగంమంది చప్పట్లు కొట్టాలి, సగంమంది మాటలు పలకాలి, తరువాత వంతులు మార్చాలి. మూడవ దినం వరుస. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉపాధ్యాయుని శ్రుతి పిల్లలకు అందదు. గొంతు నిలకడగల ఒక బాలికచేత ఎత్తుగడ పాడించి, ఆ శ్రుతినే తక్కినవారు అందుకొంటే పాట అరుపుగా మారదు. నాలుగవ దినం ఒకరు చరణం పాడగా అందరూ పల్లవి అందుకోవడం. అయిదవ దినం గొబ్బెమ్మ చుట్టూ తిరిగినట్లు వలయంగా నడుస్తూ పాడడం. ఆరవ దినం సెలవులకు పని: నాయనమ్మనో, మేనత్తనో అడిగి ఒక పాట నేర్చుకొని నోటుపుస్తకంలో వ్రాసుకొని రావడం.

సెలవుల తరువాత ఆ పుస్తకాలు విప్పితే వింత కనబడుతుంది. ఒకే పాట రెండు ఊళ్లలో రెండు విధాలుగా వుంటుంది. పండితులు తాళపత్రాలలో వెదికే పాఠాంతరం అయిదవ తరగతి పిల్లవానికి అమ్మమ్మ నోట దొరుకుతుంది. ఊరూరా పాడుకొనే ఇటువంటి పాటల ఆధారంగానే బిరుదురాజు రామరాజుగారు ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ అనే సిద్ధాంతగ్రంథం రచించారు. గురజాడవారు 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరం మూడు, నాలుగు మాత్రల నడకతో సాగుతుంది. అటువంటి మిశ్రగతి మన పల్లెపాటలకు పరాయిది కాదు.

తరగతిలో అన్ని ఇళ్ల పిల్లలూ వుంటారు. అన్ని పండుగలకూ తెలుగులో పాట వున్నది. క్రిస్మసు నాటికి పాడదగిన కీర్తనల సంప్రదాయానికి 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) గట్టి పునాది వేశాడు. పీర్లపండుగకు గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాటలు కూడా తెలుగు పల్లెలవే. ఏ ఇంటి పాటను ఆ ఇంటి బిడ్డ ముందుగా ఎత్తుకొంటే, తక్కినవారు పల్లవి అందుకొంటే, అంతకు మించిన పౌరధర్మపాఠం లేదు.

చివరకు ఒక్క మనవి. వరుస కుదరని పిల్లవానిని “నీవు ఊరకే పెదవులు కదుపు” అని వెనుక వరుసలోకి నెట్టకండి. ఆ ఒక్కమాటతో జన్మంతా నోరు మూసుకొన్నవారు ఎందరో వున్నారు. వానికి తాళం ఇవ్వండి, చప్పట్లు అప్పగించండి, పల్లవిలో గొంతు కలపనివ్వండి. పదిమందితో కలిసి పాడగా పాడగా వరుస దానంతట అదే కుదురుతుంది. కుదరకపోయినా నష్టం లేదు. బడిలోని పండుగపాటకు పరీక్ష లేదు. అందులో తప్పేవాడు వుండడు.