కొయ్యచేపకు పొలుసులు దిద్దడం

చేపను ఎరుగని ఇల్లు కర్నూలులో అరుదు. తుంగభద్ర, హంద్రీ నదులు కూడిన చోట వెలసిన ఊరు మనది. 1863లో పని ఆరంభించి 1870 నాటికి తవ్విన కర్నూలు-కడప కాలువ సుంకేసుల నుండి నేటికీ కడప సీమకు నీటిని చేరవేస్తున్నది. అయినను, ఒక్క పొలుసును చేతిలోకి తీసుకొని నిదానించి చూచినవారం మనలో ఎందరం? ఈ ప్రశ్న మాకు మా పొరపాటు వలననే కలిగినది.

కొందరు విద్యార్థులు గాలానికి కట్టే ఎరచేపను తేలికైన కొయ్యతో చెక్కి, దానికి రంగులు వేయుటకు మా సాయం కోరినారు. సాహిత్యం బోధించే మాకు కుంచె పట్టడం కొంత అలవాటు. తల మొదలు తోక దాకా అర్ధచంద్రాకారపు గీతలు బారులు తీర్చి, బాగున్నదని మురిసినాము. దానిని తుంగభద్ర ఒడ్డున వల ఆరబెట్టుకొంటున్న ఒక ముసలి జాలరికి చూపినాము. ఆయన నవ్వి, "సార్, పొలుసు తలకాయ దిక్కు నుంచి తోక దిక్కుకు పోతాది. మీరు తిరగేసి రాసినారు. ఇది ఈదితే నీళ్ళన్నీ పొలుసుల్లోకే దూరతాయి" అన్నాడు. బుట్టలోని చేపను తీసి, దాని ఒంటి మీద మా వ్రేలిని తల నుండి తోకకు ఒకసారి, తోక నుండి తలకు ఒకసారి నడిపించినాడు. మొదటిసారి నునుపు, రెండవసారి గరుకు. మేము పుస్తకంలో చదివి మరచిన పాఠం ఆ వ్రేలికి తెలిసినది.

పొలుసు అనేది చర్మంలో పుట్టిన పలుచని రేకు. దాని ముందు భాగం చర్మంలో దాగి ఉంటుంది. వెనుక అంచు మాత్రమే బయటికి కనిపిస్తుంది. పెంకుటింటి కప్పు వలె ఒక వరుస అంచు తరువాతి వరుస మొదలును కప్పుతుంది. ఒక వరుసలోని రెండు పొలుసుల నడిమి సందు మీదికి పక్క వరుస పొలుసు వస్తుంది. శీలావతి, బొచ్చె వంటి చేపల పొలుసు అంచు గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. జెల్లకు, వాలుగకు పొలుసులే లేవు. కనుక ఏ చేపను అనుకరిస్తున్నామో ముందుగా నిశ్చయించుకోవాలి.

తరువాతిది లెక్క. చేప పక్కన తల నుండి తోక వరకు సాగే సన్నని గీతను పార్శ్వరేఖ అంటారు. దాని మీది పొలుసుల సంఖ్య జాతిని గుర్తించుటకు ఒక ఆనవాలు. మదరాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1875-78 సంవత్సరాలలో వెలువరించిన భారతదేశపు చేపల గ్రంథంలో ఈ లెక్కను విరివిగా వాడినాడు. శీలావతికి ఈ సంఖ్య సుమారు 40. చిన్న పరిగెకు సుమారు 25. మన కొయ్యచేప మొప్ప అంచు నుండి తోక మొదలు వరకు 6 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. శీలావతి పిల్లకైతే ఒక్కొక్క పొలుసుకు 1.5 మిల్లీమీటర్లు, పరిగెకైతే 2.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ కొలత తెలియక గీసినందుననే మా మొదటి చేప ఒళ్ళంతా పెంకులు కప్పుకొన్నట్లున్నది.

ఇన్ని చిన్న పొలుసులను ఒక్కొక్కటిగా గీయడం కష్టం. అందుకు వలయే ఉపాయం. కొయ్యను గరుకు కాగితంతో నునుపు చేసి, నీరు పీల్చకుండా వార్నిష్ పూసి, తెల్లరంగు, దానిపై వెండిరంగు వేసి బాగా ఆరనివ్వాలి. చిన్న చేపకు దోమతెర గుడ్డ, జానెడు చేపకు ఉల్లిగడ్డల సంచి జాలీ సరిపోతుంది. ఉల్లి పండించే మన జిల్లాలో ఆ సంచికి కరువు లేదు. జాలీని మూలవాటుగా తిప్పి, కన్నులు చతురస్రాలుగా కాక వజ్రాకారంగా నిలిచేటట్లు చేపకు చుట్టి, బిగువుగా లాగి, పొట్ట కింద బట్టల క్లిప్పులు పెట్టాలి. పైనుండి ముదురు ఆకుపచ్చ రంగును సన్నని తుంపరగా చల్లాలి. తుంపర యంత్రం లేనివారు పాత పళ్ళ బ్రష్‌ను రంగులో తడిపి, కుచ్చు మీద వ్రేలితో మీటితే చాలును. కన్నులో పడిన రంగు పొలుసవుతుంది. దారం చాటున మిగిలిన వెండి దాని అంచవుతుంది. రంగు తడి ఆరక ముందు జాలీని కదిలిస్తే అంతా చెరిగిపోతుంది. జాలీకి తల-తోక తేడా తెలియదు. కనుక చివరగా ప్రతి పొలుసుకు తోకవైపు అంచున సన్నని ముదురు గీతను కుంచెతో మనమే దిద్దాలి. పైన రెండు పూతల వార్నిష్ వేయాలి.

వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఎందుకుండాలి? వెలుతురు పైనుండి పడుతుంది. వీపు తెల్లబడి, పొట్ట నీడలో నల్లబడి ఒళ్ళు గుండ్రంగా కనిపించాలి. రంగు దానికి ఎదురుగా ఉన్నందున చేప నీటిలో కలిసిపోతుంది. ఈ సూత్రాన్ని 1896లో వివరించిన అబట్ థేయర్ అమెరికా దేశపు చిత్రకారుడు. చిత్రకారుని చూపు శాస్త్రానికి ఉపకరించిన సందర్భమిది. ఇక చేప మీది వెండి మెరుపు రంగు కానే కాదు. చర్మంలోని గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటికాలు అద్దాల వలె వెలుతురును తిప్పికొట్టడమే. ఫిన్లాండుకు చెందిన లౌరి రపాలా 1936లో బెరడుతో ఎరచేపను చెక్కినప్పుడు ఆ మెరుపు కొరకు చాక్లెట్టు మీది తగరపు కాగితాన్ని చుట్టినాడు. పేదరికం ఆయన చేతిని ఆపలేదు.

ఇంత శ్రమపడితే చేప తప్పక పడునా? పడునని చెప్పలేము. వరద నీటి బురదలో కొరమీనుకు పొలుసుల అందం కనబడదు. కదలిక, తళుకు దానిని పిలుస్తాయి. పొలుసులు దిద్దడం వలన ముందుగా బాగుపడేది మన చూపే. మరొక మాట. మన చెరువులు పెక్కింటిలో చేపల హక్కు జాలరుల సహకార సంఘాలది. వానలు లేని ఏట చెరువు ఎండితే ముందుగా ఎండేది వారి కడుపు. వారి అనుమతి లేక గాలం వేయడం వినోదం కాదు.

రెండవ కొయ్యచేపను ఆ జాలరి వద్దకే తీసుకొని పోయినాము. ఆయన దానిని అటు ఇటు త్రిప్పి చూచి, "పరిగె" అన్నాడు. బాగున్నదనలేదు, బాగులేదనలేదు, పేరు పెట్టి పిలిచినాడు. మా విద్యార్థులకు అంతకు మించిన మార్కులు అక్కరలేకపోయినవి. జంతుశాస్త్రం చదివేవారు, చిత్రలేఖనం నేర్చేవారు, మా వలె పద్యాలు చెప్పుకొనేవారు, ఎవరైనను సరే, రేపు ఇంటికి చేప వచ్చినప్పుడు వంటింటిలోకి పోయి ఒక్క పొలుసును వెలుతురుకు ఎత్తి చూడవలెనని మా మనవి.