బ్లేడు పదును ఎక్కడికి పోతుంది?

పిల్లలూ! మీ ఇంట్లో పెద్దవాళ్లు పొద్దున్నే అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ, "ఈ బ్లేడు పోయింది" అని విసుక్కోవడం మీరు వినే ఉంటారు. నాలుగు రోజుల కిందట కాగితం విప్పి తీసిన బ్లేడే అది. విరగలేదు, వంగలేదు, తళతళ కూడా తగ్గలేదు. అయినా చెంప మీద పెడితే వెంట్రుకను కోయకుండా పీకుతుంది. మరి దానిలోంచి పోయిందేమిటి? ఎక్కడికి పోయింది?

మా నాన్నగారి కాలంలో బ్లేడును అంత తేలికగా పారేసేవారు కాదు. ఒక గాజు గ్లాసు తీసుకుని, దాని లోపలి గోడకు బ్లేడును ఆనించి, వేలితో అదిమి పట్టి, అటూ ఇటూ పదిహేను ఇరవై సార్లు రుద్దేవారు. గ్లాసు వంపులో పలుచని బ్లేడు చక్కగా ఇమిడిపోయేది. కొందరు పాత తోలు బెల్టు మీద, కొందరు వార్తాపత్రిక మీద, మొండివాళ్లయితే అరచేతి మీదే రుద్దేవారు. ఇంకో నాలుగు రోజులు లాగించవచ్చని వాళ్ల నమ్మకం. (మీరు మాత్రం ఈ పనికి పూనుకోకండి. చదివి తెలుసుకుంటే చాలు. బ్లేడు తెగిందని మనకు తెలిసేసరికే రక్తం వస్తుంది.)

నేను గుండ్లపోచంపల్లిలో ఉపాధ్యాయుడిగా పనిచేయడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. వాళ్ల నాన్నకు ఊళ్లో క్షౌరశాల ఉండేది. "సార్, వెంట్రుక మెత్తగుంటది, ఉక్కు గట్టిగుంటది. మెత్తంది గట్టిదాన్ని ఎట్ల అరగదీస్తది?" అన్నాడు. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. "బావి గట్టు మీది రాయిని చూడలేదా? చేదతాడు మెత్తనిదే. రాసుకుని రాసుకుని రాతిలో గాడి పడలేదా?" తరగతి అంతా తలలూపింది. ఆ అబ్బాయి మాత్రం కూర్చోలేదు. "తాడుకు ఏండ్లు పట్టింది గద సార్. బ్లేడు నాలుగు దినాలకే పోతది" అన్నాడు. "సరే, కూర్చో" అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ముందు పదును అంటే ఏమిటో చూద్దాం. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది పీడనం అని మీకు తెలుసు. మనం నొక్కే బలం కొంచెమే అయినా, అది ఆనే చోటు అతి సన్నగా ఉంటే పీడనం విపరీతంగా పెరుగుతుంది. గడ్డం వెంట్రుక మందం ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు. బ్లేడు మందం కూడా దాదాపు అంతే. కాని బ్లేడును అంచు వైపు నూరుకుంటూ పోయి, చిట్టచివరి కొసను వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు తెస్తారు. అంత సన్నని కొస వెంట్రుకలోకి సులువుగా దిగుతుంది. అంత సన్నగా ఉంది కాబట్టే సులువుగా చెడిపోతుంది కూడా.

చెడిపోవడం ఒక్క తీరుగా జరగదు. కొస పక్కకు ఒరగవచ్చు. తడికి తుప్పు పట్టవచ్చు. అరిగి గుండ్రబడవచ్చు. ముక్కగా ఊడిపోవచ్చు. తోలు మీద రుద్దితే వీటిలో ఏది బాగవుతుందన్నదే మన ప్రశ్న.

ఆ అబ్బాయి తండ్రి వాడిన పాతకాలపు కత్తిని గుర్తు తెచ్చుకోండి. దాన్ని అప్పుడప్పుడు సానరాయి మీద నూరేవాడు. రోజూ మాత్రం గోడకు కట్టిన తోలు పట్టీ మీద రాసేవాడు. ఈ రెండూ ఒకటే పని అనుకోకండి. సానరాయి ఉక్కును అరగదీసి కొత్త అంచును పుట్టిస్తుంది. తోలు ఉక్కును పెద్దగా అరగదీయదు. ఒరిగిన కొసను నిలబెట్టి, అంటుకున్న తుప్పునూ మురికినీ తుడిచేస్తుంది. అందుకే తోలు మీద కత్తిని ఎప్పుడూ వీపు ముందు, అంచు వెనక ఉండేలా లాగుతారు. అంచు ముందుంటే తోలే తెగుతుంది.

ఈ రోజువారీ బాధ తప్పించాలనే అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే వ్యాపారి పారేసే బ్లేడును తలపెట్టాడు. రేకులాంటి పలుచని ఉక్కును గట్టిపరచి పదును పెట్టడం కుదరదని చాలామంది అన్నారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ పని సాధించాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్ల అమ్మకం 90 వేలు దాటింది. నూరే పని లేదు, తోలుకు రుద్దే పని లేదు అన్నదే ఆయన ప్రకటనల్లో ముఖ్యమైన మాట. తమాషా ఏమిటంటే, అదే రోజుల్లో హెన్రీ గేస్మన్ అనే మరో అమెరికన్ బ్లేడును రేజరులోంచి తీయకుండానే తోలు పట్టీకి రుద్దుకునే రేజరును తయారుచేశాడు. అదీ బాగానే అమ్ముడైంది. 1930లో ఆ రెండు కంపెనీలూ ఒకటైపోయాయి!

ఆ కాలపు బ్లేడ్లు కర్బనపు ఉక్కువి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి అంచుకు తుప్పు పట్టేది. అలాంటి బ్లేడును గ్లాసుకో తోలుకో రుద్దితే కొంత మేలు జరిగి ఉండవచ్చు. కాబట్టి మా నాన్నగారి అలవాటు వట్టి భ్రమ అని నేను అనను. కాని 1960ల నుంచి స్టెయిన్‌లెస్ ఉక్కు బ్లేడ్లు వ్యాపించాయి. క్రోమియం కలిసిన ఉక్కు కనుక వీటికి తుప్పు సులభంగా పట్టదు. పైగా జారుడు కోసం అంచు మీద టెఫ్లాన్ వంటి పదార్థాన్ని అతి పలుచగా పూస్తారు. గ్లాసుకేసి రుద్దితే ఆ పూత కూడా చెదిరిపోవచ్చు.

తుప్పు లేదు, పూత ఉంది. మరి ఈ బ్లేడు ఎందుకు పోతోంది? మా అబ్బాయి ప్రశ్న మళ్లీ అక్కడే నిలబడింది.

దానికి మంచి జవాబు 2020లో దొరికింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జాన్‌లూకా రోషోలీ అనే పరిశోధక విద్యార్థి తన గడ్డం తానే గీసుకుని, ఒక్కోసారి గీసుకున్నాక బ్లేడును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అంచు అరిగి గుండ్రబడి ఉంటుందని అనుకుంటాం కదా? అలాంటిది పెద్దగా కనబడలేదు. దానికి బదులు అంచులో అక్కడక్కడ చిన్న పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. ఆ తర్వాత ఆ బృందం సూక్ష్మదర్శిని లోపలే వెంట్రుకలను కోసే చిన్న యంత్రం అమర్చి, కోత జరుగుతుండగానే చూసింది. వెంట్రుక ఈ ఉక్కు కన్నా దాదాపు 50 రెట్లు మెత్తన. నిటారుగా నిలిచిన వెంట్రుక అంచుకు హాని చేయడం లేదు. వంగగలిగే వెంట్రుక ఏటవాలుగా తగిలి, కొసను పక్కకు తోసినప్పుడే పెచ్చు లేస్తోంది. అదీ అన్నిచోట్లా కాదు. ఉక్కులో గట్టి భాగమూ మెత్తని భాగమూ కలిసే చోట, వెంట్రుక పక్క అంచు సరిగ్గా అక్కడే తగిలితే!

ఒకే ఉక్కులో గట్టి భాగం, మెత్తని భాగం ఉంటాయా అని మీకు సందేహం రావచ్చు. మా ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి వెళితే నిజామాబాద్ జిల్లా వస్తుంది. ఆ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తయారుచేసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు కనిపించేవి. గట్టి కణాలు బారులు తీరి, మధ్యలో మెత్తని ఉక్కు ఉండటమే ఆ చారలకు కారణం. విద్యుత్ పాఠంలో మీరు చదివే మైకేల్ ఫారడే కూడా 1820 ప్రాంతంలో స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి మన దేశపు ఉక్కును పరీక్షించాడు. మిశ్రమ ఉక్కులు చేసి, వాటితో క్షౌరపు కత్తులు చేయించి స్నేహితులకు పంచాడట! నేటి బ్లేడులో చారలు కంటికి కనబడవు. తేడాలు మాత్రం ఉన్నాయి, సూక్ష్మంగా.

కనుక నేను చెప్పిన బావితాడు జవాబు ఈ బ్లేడుకు సరిపోదు. ఒరిగిన కొసను తోలు నిలబెట్టగలదు. ఊడిన పెచ్చును తెచ్చి అతికించలేదు.

"అయినా రుద్దితే నున్నగా తెగుతోంది కదా!" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకూ అలాగే అనిపించేది. అందుకని ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఒకే పొట్లంలోని రెండు బ్లేడ్లలో ఒకదాన్ని రోజూ బెల్టుకు రుద్దాను, రెండోదాన్ని రుద్దలేదు. రేజరులో ఏ రోజు ఏది బిగించిందీ మా ఆవిడ నాకు చెప్పకుండా పుస్తకంలో రాసిపెట్టింది. గీసుకున్నాక ఇది రుద్దినదే, ఇది కాదు అని నేను రాసేవాణ్ణి. చివరకు రెండు పుస్తకాలూ కలిపి చూస్తే, నేను చెప్పినవాటిలో దాదాపు సగం తప్పు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ఒక మనిషి, రెండు బ్లేడ్లు కలిస్తే పెద్ద రుజువేమీ కాదనుకోండి. నా అనుభవం నమ్మదగ్గది కాదని మాత్రం నాకు బోధపడింది. 1959లో చెకొస్లొవేకియాలో కారెల్ డ్రబల్ అనే ఆయన, అట్టతో చేసిన పిరమిడ్ కింద బ్లేడును ఉంచితే పదును వస్తుందని చెప్పి ఏకంగా పేటెంటే సంపాదించాడు. ఆయనకూ బ్లేడు నున్నగానే తెగినట్లు అనిపించి ఉంటుంది!

ఈ మధ్య ఆ పాత విద్యార్థి దుకాణానికి వెళ్లాను. ఇప్పుడు దాన్ని అతనే నడుపుతున్నాడు. నన్ను కూర్చోబెట్టి, కొత్త బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, సగాన్ని కత్తిపిడిలో బిగించాడు. తోలు పట్టీ గోడకు లేదు. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి వంటివి రక్తం ద్వారా అంటుకునే ప్రమాదం ఉంది. తోలుకు ఎంత రుద్దినా ఆ క్రిములు పోవు. వాడిన ముక్కలను అతను మూతకు చీలిక పెట్టిన డబ్బాలో వేస్తున్నాడు. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి పెట్టించండి. చెత్త సంచిలో వేసిన బ్లేడు మున్సిపాలిటీ కార్మికుల చేతులు కోస్తుంది.

గడ్డం పని అయ్యాక, ఆ పెచ్చులూడిన బ్లేడు బొమ్మను అతనికి చూపించాను. "అప్పుడు నేను చెప్పింది తప్పు" అన్నాను. అతను బొమ్మను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "అందుకేనా సార్, వెంట్రుకను మంచిగ నానబెట్టు, కత్తిని తొందరపెట్టకు అని మా నాయన ఒకటే చెప్తుండె?" అన్నాడు.

నానిన వెంట్రుక మెత్తబడుతుంది, సులువుగా తెగుతుంది. అంతవరకు నిజమే. కాని మెత్తబడితే ఇంకా తేలికగా వంగుతుంది కదా! వంగే వెంట్రుకే కదా పెచ్చు లేపేది? ఈసారి తొందరపడి జవాబు చెప్పలేదు. చదివి చెబుతానన్నాను.