ఆరోగ్యసేవా వ్యవస్థల ఇంజనీరింగు

పెద్ద ఆసుపత్రిలో బయటిరోగుల విభాగం తొమ్మిది గంటలకు తెరుస్తారనుకొందాం. రోగులు ఆరు గంటలకే వచ్చి చీటీ కోసం నిలబడతారు. డాక్టరు ఒక్కొక్కరిని చూసేది అయిదారు నిమిషాలు. ఆ అయిదారు నిమిషాల కోసం కూలివాడు ఒకనాటి కూలి పోగొట్టుకొంటాడు. దీనికి కారణమేమని అడిగితే డాక్టర్లు చాలరని అందరూ చెప్పుతారు. అది కొంతవరకు నిజమే. కాని ఉన్న డాక్టర్లతోనే, ఉన్న గదులలోనే ఈ నిరీక్షణను సగానికి తగ్గించవచ్చునా అనేది వేరొక ప్రశ్న. ఇట్టి ప్రశ్నలకు గణితం సాయంతో సమాధానం వెదికే శాస్త్రమే ఆరోగ్యసేవా వ్యవస్థల ఇంజనీరింగు. ఇంజనీరింగు పట్టభద్రులు ఆపైన చదువుకోదగిన విషయాలలో ఇది ఒకటి.

ఆసుపత్రి, ఇంజనీరింగు అనే రెండు మాటలు కలిపి వినగానే ఎక్స్‌రే యంత్రమో, కృత్రిమ గుండె కవాటమో మనస్సుకు తోచడం సహజం. అవి జీవవైద్య ఇంజనీరింగుకు చెందినవి. ఆసుపత్రి నిర్వహణ మరొక చదువు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో దానిని బోధిస్తారు. ఇక్కడ చెప్పుతున్న శాస్త్రానికి యంత్రాలతో పని తక్కువ. రోగి గుమ్మంలో అడుగు పెట్టినది మొదలు మందులతో బయటికి వచ్చేవరకు ఎక్కడ ఆగినాడు, ఎందుకు ఆగినాడు, ఎక్కడ పొరపాటు జరిగే అవకాశమున్నది అనేవి దీనికి ముఖ్యం.

ఈ శాస్త్రానికి మూలం ఆసుపత్రిలో లేదు, టెలిఫోను కార్యాలయంలో ఉన్నది. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన డేనిష్ గణితజ్ఞుడు ఎర్లాంగ్, టెలిఫోను పిలుపుల రాకను సంభావ్యతా గణితంతో పరిశీలించి 1909లో ఒక వ్యాసం ప్రకటించినాడు. నిరీక్షణ వరుసల సిద్ధాంతం దాని నుండి పెరిగినది. 1952లో ఇంగ్లండులో నార్మన్ బెయిలీ ఈ గణితాన్ని ఆసుపత్రులకు అన్వయించినాడు. డాక్టరు కాలం ఒక్క నిమిషమైనా వృథా కారాదని రోగులందరినీ ముందుగానే రప్పించడం నాటి ఆచారం. డాక్టరుకు మిగిలే కొద్ది నిమిషాల కోసం రోగులు గంటల కొలది కూర్చోవలసి వస్తున్నదని బెయిలీ లెక్క కట్టి చూపినాడు. మొదట ఇద్దరిని మాత్రం రమ్మని, పిమ్మట ఒక రోగికి సగటున పట్టే కాలం చొప్పున ఒక్కొక్కరిని రమ్మంటే చాలునని ఆయన సూచన.

ఈ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థులకు అందనిది కాదు. ఒక డాక్టరు గంటకు సగటున 10 మందిని చూడగలడనుకొందాం. రోగులు ఒక క్రమం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు. ఒకరికి రెండు నిమిషాలు పడితే మరొకరికి ఇరవై పట్టవచ్చు. ఇది చాలసేపు ఇట్లే సాగితే, గంటకు వచ్చే రోగుల సంఖ్యను ఒకచోట వ్రాసి, దానిని రెండు సంఖ్యల లబ్ధంతో భాగించవలెను. ఆ రెండింటిలో ఒకటి డాక్టరు గంటకు చూడగలిగే సంఖ్య, రెండవది ఆ సంఖ్యకు, వచ్చే రోగుల సంఖ్యకు గల భేదం. వచ్చిన ఫలితం రోగి సగటున వేచియుండే కాలం, గంటలలో.

గంటకు 8 మంది వస్తే 8ని 10×2తో భాగించగా 0.4 గంట, అనగా 24 నిమిషాలు. 9 మంది వస్తే 9ని 10×1తో భాగించగా 0.9 గంట, అనగా 54 నిమిషాలు. పెరిగినది ఒక్క రోగి; నిరీక్షణ మాత్రం రెట్టింపు దాటినది. సగటున 9.5 మంది వస్తే 114 నిమిషాలు. 10 మంది వస్తే హారం సున్న అవుతుంది. వరుసకు అంతమే ఉండదు. ‘గంటకు పదిమందిని చూడగలడు, పదిమందే వస్తున్నారు, ఇక చిక్కేమిటి?’ అనుకొనే అధికారి ఎక్కడ పొరపడుతున్నాడో దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు గదులలో ఉన్నారు. ఒక్కొక్క గది ముందు విడిగా వరుస, ఒక్కొక్క వరుసకు గంటకు 9 మంది. నిరీక్షణ 54 నిమిషాలని పైన చూచినదే. రెండు వరుసలను కలిపి ఒకటిగా చేసి, ఏ డాక్టరు ఖాళీ అయితే ఆయన వద్దకు తరువాతి రోగిని పంపితే నిరీక్షణ సుమారు 26 నిమిషాలకు దిగుతుంది. కొత్త డాక్టరు రాలేదు, కొత్త గది కట్టలేదు. తమకు తెలిసిన డాక్టరే చూడవలెనని రోగులు పట్టుబట్టితే మాత్రం ఈ లాభం చాలవరకు పోతుంది. రోగుల కోరికను తప్పుగా భావించక, దానిని కూడ లెక్కలో చేర్చుకొనేవాడే మంచి ఇంజనీరు.

మంచాల లెక్క ఇంకా సులభం. రోజుకు సగటున 12 మంది చేరుతూ ఒక్కొక్కరు 5 రోజులు ఉంటే, నిండి ఉండే మంచాలు సగటున 60. సెలవు కాగితం కోసం, చివరి పరీక్ష కోసం ఊరక గడిపే ఒక రోజు తగ్గితే 48 చాలును. అయితే సగటున 60 నిండుతాయని 60 మంచాలే పెట్టరాదు. జ్వరాల కాలంలో ఒకనాడు 20 మంది రావచ్చు. ఖాళీ మంచాన్ని చూచి దండుగ అనుకోవడం లెక్క తెలియక అనే మాట. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన 108 అంబులెన్సు సేవకు కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది. బండ్లన్నీ ఎల్లప్పుడు పరుగెత్తుతూ ఉంటే తరువాతి ప్రమాదానికి పంపడానికి బండి ఉండదు. ఎన్ని బండ్లను ఏ కూడలిలో నిలిపితే ఎక్కువ ఊళ్లకు త్వరగా చేరవచ్చునో లెక్కించడం ఈ చదువులో ఒక పాఠం.

పొరపాట్ల నివారణ మరొక భాగం. శస్త్రచికిత్సకు ముందు, తరువాత సరిచూచుకోవలసిన 19 అంశాల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో పరీక్షించినది. మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రకటించినారు. కాని కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఇట్టి పట్టికలను అమలు జరిపిన పిమ్మట చెప్పుకోదగిన మార్పు కనబడలేదని 2014లో మరొక పరిశోధన తేల్చినది. కాగితం ఇచ్చినంత మాత్రాన పని జరగదు. దానిని ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు, నర్సు చెప్పినమాట సర్జను వింటాడా అనే విషయాలు కూడ పరిశీలించవలసినవే. అందువల్లనే ఈ చదువులో గణితంతోబాటు మానవ స్వభావ పరిశీలన కూడ చేర్చినారు.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయం ఈ పేరుతోనే మాస్టరు పట్టం నెలకొల్పినది. చాలచోట్ల ఇది పారిశ్రామిక ఇంజనీరింగులో ఒక శాఖగా ఉంటుంది. సంభావ్యత, గణాంకశాస్త్రం, వనరుల పంపిణీ గణితం, కంప్యూటరుపై ఆసుపత్రిని అనుకరించి చూడడం ముఖ్య పాఠ్యాంశాలు. భారతదేశంలో దీనికి దగ్గరి మార్గం, గేట్ పరీక్ష వ్రాసి ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వంటి చోట పారిశ్రామిక, వ్యవస్థల ఇంజనీరింగు చదివి, ఆరోగ్యసేవలపై పరిశోధన వ్యాసం వ్రాయడం. ఏ కళాశాలను ఎంచుకొన్నా, విద్యార్థిని కొన్ని నెలలపాటు నిజమైన ఆసుపత్రికి పంపుతారో లేదో ముందుగా విచారించుకోవలెను. వార్డులో నిలబడని ఇంజనీరు వేసిన లెక్కను ఏ నర్సూ నమ్మదు.

గణితం చెప్పే ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే ప్రారంభించవచ్చు. తపాలా కార్యాలయంలోనో, రేషను దుకాణంలోనో అనుమతి తీసుకొని, ఒక విద్యార్థి వచ్చినవారి వేళలు, మరొకడు పని ముగించుకొని వెళ్లినవారి వేళలు గంటసేపు వ్రాసుకొంటే చాలును. వరుసలో నిలబడినవారి సగటు సంఖ్యను, సగటు నిరీక్షణను ఆ రెండు పట్టికల నుండి తరగతి అంతా కట్టి చూడవచ్చు.